గిన్నెల్లో తాజా నీళ్లు

సలతిగ ఊళ్లో బట్టలు కుట్టించుకోవడానికి రత్మి దగ్గరికి వచ్చే ఆడవాళ్లకు కొదవలేదు గానీ, వాళ్లెవరూ ఆమె వెనక గదిలోకి అడుగుపెట్టరు. ముందు గదిలో కుట్టుమిషను, అద్దం, కొలతల టేపు. వెనక గదిలో గాజు పెట్టెలు, వాటిలో తొమ్మిది పాములు.

రత్మికి నలభై ఆరేళ్లు. పెళ్లి చేసుకోలేదు. ఎవరైనా ఆ మాట జాలిగా ఎత్తితే ఆమెకు నవ్వొచ్చేది. ఆమె ఇంట్లో సందడికేం తక్కువ? ఆ తొమ్మిదింటిలో ఏ రెండూ ఒకలా ఉండవు. బంతి కొండచిలువకు పిరికితనం. పెట్టె మూత తీస్తే చాలు, తల మధ్యలో దాచుకుని ముద్దలా చుట్టుకుపోతుంది. దాన్ని ఒళ్లో పెట్టుకుని పది నిమిషాలు కదలకుండా కూర్చుంటే, చుట్ట నెమ్మదిగా వదులై, ముక్కు ముందు, తర్వాత కళ్లు బయటికొస్తాయి. ఆ నమ్మకం సంపాదించుకున్నప్పుడల్లా రత్మికి కొత్త చీటీ గుడ్డ కత్తిరించినంత హాయి. పపువా నుంచి వచ్చిన ఆకుపచ్చ కొండచిలువ రోజంతా కొమ్మ మీద మడతపెట్టిన తువ్వాలులా పడి ఉంటుంది. అది కదిలిన రోజు ఇంట్లో పండగే. అన్నిటికంటే ఆమెకు ఇష్టమైనది ఇంద్రధనుస్సు పాము. నీడలో చూస్తే మట్టిరంగు, ఏమీ లేదు. మధ్యాహ్నం కిటికీ ఎండలోకి తెచ్చారా, ఒంటి మీద ఊదా, పచ్చ, బంగారం పొర్లుతూ పోతాయి. అంచులు కుట్టి కుట్టి కళ్లు మండినప్పుడు రత్మి మిషను ఆపి, దాన్ని తెచ్చి ఎండలో పెట్టుకుని చూసేది.

పక్కన సోయాగింజల టెంపే ముక్కలు వేయించి అమ్మే సుమిరా మాత్రం ఊరుకునేది కాదు. "మా మనవరాలి గౌను ఎప్పుడవుతుంది రత్మీ? లేక ముందు నీ పాములకి లంగాలు కుట్టాలా?" అనేది.

"వాటికి దేవుడే కుట్టిచ్చాడులే. పాతబడితే విప్పేసి కొత్తది తొడుక్కుంటాయి. నీ మనవరాలిలాగా నెలకో ఇంచి లావెక్కవు," అనేది రత్మి.

ఈ పిచ్చిలో ఆమెకు తోడు ఒక్కడే ఉండేవాడు, టింకిర్ వైపు ఉండే జత్మికో. మోటారుసైకిళ్లు బాగుచేసే మనిషి. ఆదివారం పొద్దున ఊరి మైదానంలో పాములు పెంచేవాళ్లంతా చేరి పిల్లలకు పాములు ముట్టుకోవడం నేర్పేటప్పుడు ఇద్దరూ పక్కపక్కన కూర్చునేవారు. అతని దగ్గర పదకొండు ఉండేవి. ఏ పెట్టె తెరిచినా ముందు వేలి కణుపుతో రెండుసార్లు తట్టేవాడు. వాటికి వినపడదు కదా అంటే, "వినపడక్కర్లేదక్కా, అదురు తెలిస్తే చాలు. చెప్పకుండా వెళ్లడం మర్యాద కాదు," అనేవాడు. వానాకాలం చివర్లో ఒకరోజు షెడ్డులోనే గుండె ఆగి పోయాడు. ఊరంతా పాము కరిచిందనే చెప్పుకుంది. శవాన్ని కడిగినవాళ్లు ఒంటి మీద గాటు కూడా లేదన్నా ఎవరూ వినలేదు.

అతను పోయిన తొంభయ్యో రోజున అతని చెల్లెలు వుర్యాని రత్మి వాకిట్లోకి వచ్చింది. గుమ్మం దాటి లోపలికి రాలేదు. తాము ముందు ఇంట్లో అమ్మతో ఉంటామని, అన్న పెరట్లో వేరే ఇల్లు కట్టుకుని పాములతో ఉండేవాడని, పోయినప్పటి నుంచి ఆ ఇంటికి తాళం వేసేశామని చెప్పింది. పది రోజుల్లో నూరో రోజు ప్రార్థన. జనం ఎక్కువ వస్తారు, ఆ ఇంట్లో కూడా చాపలు వెయ్యాలి.

"లోపల అవి ఈపాటికి చచ్చుంటాయక్కా. ఎండిపోయిన వాటిని తీసి పారేసే మనిషి కావాలి. ఊళ్లో ఎవణ్ణడిగినా పారిపోతున్నాడు," అంది వుర్యాని.

రత్మికి ఒళ్లు మండింది. మూడు నెలలు! ఒక్కమాట ముందు చెప్పుంటే తను వచ్చి తెచ్చుకునేది కాదా? జత్మికో పోయాక తనే వెళ్లి ఎందుకు అడగలేదు? వాళ్ల మీద ఎంత కోపం వచ్చిందో తన మీద అంతకంటే ఎక్కువ వచ్చింది. పాములను ఇంటివాళ్లు ఎవరికో ఇచ్చేసి ఉంటారని ఊహించుకుని ఊరుకుంది తను. సంచులు తీసుకుని బయల్దేరింది.

తాళానికి తుప్పు పట్టి ఉంది. తలుపు తీయగానే చావు వాసన కొడుతుందని కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుంది రత్మి. వాసన లేదు. తడిసిన కొబ్బరిపొట్టు వాసన వస్తోంది, తన వెనక గదిలో వచ్చినట్టే.

కిటికీ రెక్క తోసింది. గోడ పొడవునా పన్నెండు పెట్టెలు. అన్నిటి గాజూ తుడిచి ఉంది. అన్నిటిలోనూ మట్టి గిన్నెలు, వాటి నిండా నీళ్లు. వేలు ముంచి చూసింది. పొద్దున తోడినంత చల్లగా, తేటగా ఉన్నాయి. కొండచిలువలు కాస్త సన్నబడ్డాయి గానీ కళ్లు నిగనిగలాడుతున్నాయి. అంతవరకూ రత్మి మనసు ఏదో ఒకటి సర్దుకుంటూనే ఉంది. కొండచిలువలు నెలలు తిండి లేకుండా ఉండగలవు. నీళ్ల సంగతి ఎవరో ఒకరు చూసి ఉంటారు. అయిదో పెట్టె దగ్గరికి వచ్చేసరికి మాత్రం కాళ్లు ఆగిపోయాయి. అందులో ఉన్నది వేలంత లావు నత్తల పాము. నత్తలు తప్ప ఇంకేదీ తినదు. పది రోజులకోసారైనా పడకపోతే బతకదు. అది కొమ్మకు చుట్టుకుని, పొట్ట కాస్త ఉబ్బుగా, పెద్ద పెద్ద కళ్లతో రత్మినే చూస్తోంది. కింద పొట్టులో ఖాళీ నత్తగుల్లలు. రెండు ఇంకా తడిగానే ఉన్నాయి.

"వుర్యానీ, ఈ ఇంట్లోకి ఎవరు వస్తున్నారు?" అంది రత్మి వెనక్కి తిరగకుండా.

గుమ్మం అవతలి నుంచి, "తాళంచెవి నా మొలలోనే ఉంటుందక్కా. మా ఇంట్లో పామన్న మాట కూడా అనం. మా అమ్మయితే పదకొండేళ్ల నుంచి ఈ గడప తొక్కలేదు. అన్నకి అన్నం కూడా బయట అరుగు మీద పెట్టి వెళ్లిపోయేది," అంది వుర్యాని. తర్వాత లోపలికి తొంగి చూసింది, నిండుగా ఉన్న గిన్నెలను చూసింది, ఇంక నిలబడలేదు. చెప్పులు అక్కడే వదిలేసి ముందు ఇంటివైపు పరుగెత్తింది.

రత్మి పన్నెండో పెట్టె ముందు నిలబడింది. అది ఖాళీ. జత్మికో దగ్గర పన్నెండోది ఎప్పుడూ లేదని ఆమెకు తెలుసు. కానీ దానిలో కూడా గిన్నె ఉంది. ఆ ఒక్క గిన్నెలోనే నీళ్లు సగానికి తగ్గి ఉన్నాయి. పొట్టు మధ్యలో, ఏదో చుట్టుకుని పడుకుని లేచినట్టు గుండ్రటి గుంట. చెయ్యి పెట్టింది. గుంట వెచ్చగా ఉంది. పాము పడుకున్న చోటు అలా ఉండదు. మనిషి అప్పుడే లేచిన కుర్చీ అలా ఉంటుంది.

ఇన్నేళ్లలో పెట్టెలో పెట్టిన చెయ్యి భయంతో లాక్కోవడం ఆమెకు అదే మొదటిసారి. ఆ రోజు ఒక్క పామును కూడా సంచిలోకి ఎత్తలేదు.

మర్నాడు తెల్లవారుతూనే మళ్లీ వచ్చింది. వుర్యాని కూరల సంతకు వెళ్లిపోయింది. మెర్బాబు కొండ మీంచి దిగిన మంచు ఇంకా పెరట్లో కొబ్బరి మొదళ్ల దగ్గర వేలాడుతోంది. ముందు తలుపుకు నిన్న తను వేసి వెళ్లిన తాళం అలాగే ఉంది. రత్మి ఆ తలుపుకు చెవి ఆనించింది.

లోపల ఎవరో గాజు మీద తట్టారు. రెండుసార్లు. కొంచెం ఆగి, ఒక అడుగు అవతల, మళ్లీ రెండుసార్లు.

జత్మికో కణుపుల చప్పుడు రత్మి ఎన్ని ఆదివారాలు విందో లెక్కలేదు. పారిపోవాలనిపించింది. కానీ అతను ఒకప్పుడు తనతో నవ్విన మనిషి. చచ్చిపోయినంత మాత్రాన తనకేం చేస్తాడు? గోడ పట్టుకుని వెనక్కి వెళ్లింది. స్నానాల గది మీదుగా ఇంట్లోకి వెళ్లే తలుపుకు చెక్క గడియ తీసి ఉంది.

లోపల జత్మికో తల్లి తుమిరా ఉంది. డెబ్భై దాటిన మనిషి, బక్కపలచగా, మోకాళ్ల దాకా తడిసిన చీరతో. చంకలో నీళ్ల కుండ, చేతిలో కొబ్బరిచిప్ప నిండా నత్తలు. రత్మిని చూసి తడబడలేదు. అయిదో పెట్టె మూత తీసి నత్తలు రెండు కొమ్మ కింద వదిలింది. ఆరోదాని ముందు తట్టింది గానీ మూత తియ్యలేదు. అందులో బంగారు పట్టీల నల్లపాము, కోపిష్టిది, కరిస్తే చెయ్యి వారం రోజులు వాస్తుంది. పై చిల్లులోంచి సన్నగా నీళ్లు పోసింది.

"ఇదంతా ఎవరు నేర్పారమ్మా మీకు?" అంది రత్మి.

"వాడే. పోయిన నాలుగో రోజు నుంచి. పక్కన నిలబడి చెప్తాడు," అంది ముసలామె, బియ్యం ఎక్కడ కొన్నావంటే చెప్పినంత మామూలుగా. "పెద్దవాటికి ఇప్పుడు తిండి వద్దంట. చిన్నదానికి నత్తలు. ఆ నల్లదాన్ని ముట్టుకోవద్దంట. బతికుండగా ఒక్కసారి, రావే అమ్మా చూడు, అన్నాడు. నేను రాలేదు. పదకొండేళ్లు అన్నం అరుగు మీద పెట్టానమ్మా, కుక్కకి పెట్టినట్టు. ఇప్పుడు పిలిస్తే రానా?"

ముసలామె పన్నెండో పెట్టె దగ్గరికి వెళ్లి, తట్టి, గిన్నె నింపింది.

"ఇందులో ఏముందమ్మా?"

"నాకు కనపడదు. సిగ్గరిది అంటాడు. మీకెవరికీ కనపడక్కర్లేదు, నాకు తోడుగా ఉంటుంది అంటాడు."

ఆ వేళ ఇద్దరూ అరుగు మీద కూర్చుని చాలాసేపు మాట్లాడుకున్నారు. నూరో రోజుకి ఇల్లు ఖాళీ చెయ్యక తప్పదని, పదకొండింటినీ తన ఇంటికి తీసుకెళ్తానని, ఎప్పుడు చూడాలన్నా రావచ్చని రత్మి చెప్పింది. ముసలామె పెరటివైపు చెవి ఒగ్గింది, ఎవరినో అడిగి జవాబు వింటున్నట్టు. తర్వాత సరే అంది. పన్నెండో పెట్టె మాత్రం కదపొద్దంది. వుర్యానికి రత్మి నిజమంతా చెప్పలేదు. మీ అమ్మే నీళ్లు పోసిందని మాత్రం చెప్పింది. ఆ పిల్ల ముందు నమ్మలేదు, తర్వాత తల్లి కాళ్ల దగ్గర కూర్చుని ఏడ్చింది.

నూరో రోజున చాపలు వేశారు, ప్రార్థన జరిగింది, అన్నం పొట్లాలు పంచారు. గోడవార ఒక గాజు పెట్టె గుడ్డ కప్పి ఉంటే ఎవరూ పట్టించుకోలేదు. దానికి ఆనుకుని కూర్చున్న ఇద్దరు మగవాళ్లు మాత్రం ప్రార్థన మధ్యలో లేచి, అవతలి వరసలోకి మారి కూర్చున్నారు.

తర్వాత శుక్రవారం తుమిరా ప్యాసింజరు బండి ఎక్కి రత్మి ఇంటికి వచ్చింది. సుమిరా వేయిస్తున్న టెంపే మానేసి నోరు తెరుచుకుని చూసింది. ముసలామె ముందు గది దాటి, వెనక గదిలోకి వెళ్లి, ఇరవై పెట్టెల మధ్య నిలబడింది. తట్టడానికి చెయ్యి ఎత్తింది, మళ్లీ దించేసింది. రత్మివైపు తిరిగిన ముఖంలో, ఆ ఇంట్లో కనపడని బెదురు కనపడింది.

"వాడు నాతో రాలేదమ్మా. అక్కడే ఉంటానన్నాడు. బండి ఎక్కినప్పటి నుంచి ఒక్క మాట లేదు," అంది. "నాకు ఇవి తెలియవు. దేనికి ఆకలేస్తోందో, దేనికి కోపమో, నాకేమీ తెలియదు. ఇప్పుడు నాకు భయంగా ఉంది."

రత్మి స్టూలు తెచ్చి కిటికీ దగ్గర ఎండలో వేసి ఆమెను కూర్చోబెట్టింది. ఇంద్రధనుస్సు పామును రెండు చేతులతో ఎత్తి తెచ్చి, ముందు తన ఒళ్లో పెట్టుకుని, మెల్లగా ముసలామె ఒళ్లోకి జారనిచ్చింది. ఆమె కళ్లు గట్టిగా మూసుకుంది.

"తల దగ్గర పట్టుకోకండి. మధ్యలో కింద చెయ్యి పెట్టండి, అంతే. అది ఎటు పోతే అటు పోనివ్వండి. నాలుక ఆడిస్తోంది కదా, మీరెవరో తెలుసుకుంటోంది," అంది రత్మి. "ఇక కళ్లు తెరవండమ్మా. ఎండ తగిలింది."

తుమిరా కళ్లు తెరిచింది.