వ్యానుకు నీళ్ళు పట్టిన ఉదయం

మరి ఈ గొట్టం మూతి ఎటు తిప్పితే బిగుస్తుందో కూడా ఏనాడూ చెప్పలేదు మహానుభావుడు, పడకా వంటిల్లూ ఉన్న ఈ వ్యానులో ఇన్నేళ్ళు తిరిగాం, నీళ్ళు పట్టడం ఆయన పని, టీ పెట్టడం నా పని, ఇప్పుడు రెండూ నావే, ఆఁ, కుడివైపుకి, బిగిసింది, ముందు కాసేపు నేలమీదికి వదలాలి, నిలవ నీళ్ళు రబ్బరు వాసన కొడతాయి, అదొక్కటి గుర్తుంది, వాసన చూడు అని నా దోసిట్లో పోసేవారు, ఆ కుడిచేత్తోనే, పక్షవాతం వచ్చినప్పటి నుంచి అది ఒళ్ళో పడి ఉంటోంది, అదిగో మడత కుర్చీలో కూర్చున్నారు, నీడలోకి జరగండి అంటే జరిగారు, టోపీ పెట్టుకోండి అంటే పెట్టుకున్నారు, ఇదివరకైతే నీ పని చూసుకోవే అని కసిరేవారు, ఇప్పుడా కసురుకి చెవి కోసుకుంటున్నాను, అమ్మాయి చెప్పనే చెప్పింది, అమ్మా నీవల్ల కాదు, వ్యాను అమ్మేయండి, నాన్న ఇంట్లోనే ఉండనీ అని, ఈ ఒక్కసారీ వెళ్ళొస్తామే, నీళ్ళు కూడా పట్టుకోలేకపోతే వెనక్కొచ్చి అమ్మేస్తాం అన్నాను, మాటంటే మాటే, ట్యాంకు నిండింది, లోపలికెళ్ళి స్విచ్చి వేశాను, పంపు గుర్రుమంది, కొళాయి రెండు దగ్గులు దగ్గి గాలి కక్కి సన్నటి ధార వదిలింది, వచ్చాయండీ అని అరిచి కట్టేశాను, కొళాయిలన్నీ కట్టేస్తే పంపు తనంతట తానే ఆగాలి, ఆగలేదు.

ఎక్కడో కారుతోంది, సింకు కింద దూరి అతుకులన్నీ తడిమాను, పొడిగా ఉన్నాయి, స్నానాల గదిలోనూ పొడే, ట్యాంకులో నీళ్ళెంతున్నాయో చూపే ముల్లు మాత్రం దిగిపోతోంది, చిల్లు కుండలో నీళ్ళు పోశానా ఏం ఖర్మ, ఏమండీ, ఇది ఆగట్లేదండీ, పలకరు, నేను చొక్కా గుండీలు పెడుతున్నప్పుడూ పలకరు, నిన్న ఎడమచేత్తో చెంచా అందుకోబోతే ఒలుకుతుంది ఉండండి అని లాక్కున్నాను, కిటికీ వైపు తల తిప్పేసుకున్నారు, అమ్మాయి చెప్పిందే నిజం, ఫోన్ చేతిలోకి తీసుకున్నాను, ఏడుపొస్తోంది, దిక్కుమాలిన నీళ్ళ దగ్గర ఓడిపోయాను.

పంపు ఆగింది.

నేనేం ముట్టుకోలేదే, కిటికీలోంచి చూస్తే కుర్చీ ఖాళీ, ఒక్క ఉదుటున బయటపడ్డాను, ఆయన బురదలో బోర్లా, తల వ్యాను కింద, కాళ్ళు బయట, పడిపోయారు దేవుడోయ్, ఏమండీ, ఏమండీ, కింద నుంచి గొంతు, మొద్దుగా, ముక్కలు ముక్కలుగా, అరవకే, వేడినీళ్ళ డబ్బా, కింది మూత, చలికాలం నీళ్ళు గడ్డకట్టి పగలకుండా, నేనే వదులు చేసిపెట్టా, నీకు చెప్పలేదుగా, బిగించా, ఎడమచేత్తో, అని కసిరారు, నిజంగానే కసిరారు, నేను లోపల అతుకులు తడుముతుంటే ఈ మనిషి వ్యాను కింద నీళ్ళు కారడం చూశారు, నోరు తిరగలేదు, కాలు ఈడ్చుకుంటూ వచ్చి పని చేసేశారు, చంకలో చెయ్యివేసి లేపబోయాను, వద్దన్నట్టు మోచెయ్యి విదిలించారు, ఆ మోచేతి మీదే లేస్తున్నారు, జారారు, గడ్డానికి బురద, మళ్ళీ లేస్తున్నారు, ఆయనకి పడిపోయింది ఒక చెయ్యీ కాస్త కాలూనూ, మిగతా మనిషినంతా కుర్చీలో కుదేసింది నా భయమే, జారనీ, ఎంతసేపైనా పట్టనీ, ఆయనే లేస్తారు, నా చేతులు రెండూ వెనక్కి కట్టుకుని నిలబడ్డాను.