ఫ్రెంచిలో దాచుకున్నవి

ఆదివారం చర్చి నుంచి వచ్చి, చీర కూడా మార్చుకోకుండా చేపలు కడుగుతున్నాను. "లిదియా, పులుసు జర పల్చగ చెయ్యి, మొన్న గట్టిగైంది" అని హాల్లోంచి అత్తమ్మ. అదే చర్చికి, అదే ఆటోలో, అత్తమ్మ, మా ఆయన, నేను ముగ్గురం కలిసే వెళ్లొచ్చాం. వాళ్లకు అలసట వచ్చింది. నాకు చేపలు వచ్చాయి.

నేను ఇంటర్ కాలేజీలో ఫ్రెంచి చెబుతాను. మార్కులు బాగా పడతాయని పిల్లలు తీసుకునే సబ్జెక్టు. "అది చెప్పుడు గూడ ఒక పనేనా" అంటాడు మా ఆయన స్టీఫెన్. పుదుచ్చేరిలో ఫ్రెంచి సాహిత్యం మీద సదస్సు ఉంది, వచ్చి పరిశోధన పేపరు చదవమని నిర్వాహకులు పిలిస్తే, "నాల్గు రోజులు ఇంట్ల వండుడెవరు?" అన్నాడు. ఇంట్లోవాళ్ల దృష్టిలో ఆ విషయం అక్కడితో అయిపోయింది. నేను మాత్రం పేపరు రాస్తూనే ఉన్నాను.

అది ఒక గ్రీకు కవయిత్రి జీవితం గురించి. ఓడరేవు ఊళ్లో పుట్టి, అక్కడే కాపురం చేసి, ముగ్గురు పిల్లల్ని కని, బతికినన్నాళ్లూ ఫ్రెంచిలోనే రాసింది. ఆమె మీద రాసిన పెద్దమనుషులందరిదీ ఒకటే ప్రశ్న: అమ్మభాషను ఎందుకు వదిలేసింది? ఒకాయన విదేశీ మోజు అన్నాడు. ఇంకొకాయన ఆమె కవితల కన్నా ఆమె భర్త ఓర్పు గురించి రెండు పేజీలు ఎక్కువే రాశాడు. చదువుతుంటే ఒళ్లు మండిపోయింది. ఇందులో అర్థం కానిదేముంది? గ్రీకులో అత్తగారుంది, మొగుడున్నాడు, పక్కింటివాళ్లున్నారు, ఆడవాళ్లు అణకువగా ఉండాలని చెప్పే ఫాదరున్నాడు. ఏ మాట ముట్టుకున్నా ముందే ఎవరో ఒకరు ఎంగిలి చేసి పెట్టారు. ఫ్రెంచిలో ఎవరూ లేరు. ఆ ఇంట్లో ఆమె లోపలి నుంచి గడియ పెట్టుకోగలిగిన చోటు అదొక్కటే.

నాకెలా తెలుసంటే, నేనూ ఆరేళ్లుగా చేస్తున్న పని అదే. పేపరుకు నోట్సు రాసుకునే పుస్తకంలోనే వెనక నుంచి నా కవితలు ఉంటాయి, ఫ్రెంచిలో. పుస్తకం భోజనాల బల్ల మీద బాహాటంగా పడి ఉండేది. మట్టెవాడలో మా గల్లీలో దాన్ని చదివేదెవరులే అని నా ధీమా.

పులుసు మరుగుతుండగా హాల్లోంచి ఒక ఆడగొంతు వినిపించింది. మనిషి గొంతు కాదు, ఫోనుది. "ఈ ఇంట్లో తినే నోళ్లు మూడు. కడిగే చేతులు రెండు."

గరిటె వదిలేసి పరుగెత్తాను. స్టీఫెన్ నా పుస్తకం మీద ఫోను పట్టుకుని ఉన్నాడు. అది నా ఫ్రెంచిని తెలుగు చేసి పైకి చదువుతోంది. "సూడమ్మా, మన మీదనే రాస్తాంది. ఫోన్ల అంత తెలుగే వస్తాంది" అని నవ్వుతున్నాడు.

అత్తమ్మ నవ్వలేదు. "మాకు తెల్వని బాసల, మా ముంగటనే కూసోని రాస్తాన్నవా బిడ్డా? నీకేం తక్కువ చేసినం?"

నిజం చెప్పాలంటే ముందు సిగ్గేసింది. కోపం ఆ తర్వాతే వచ్చింది. ఆరేళ్లు దాచుకున్నదాన్ని పెళ్లిలో చదివింపులు చదివించినట్టు చదివించాడు. అయినా నేనెందుకు సిగ్గుపడాలి? ఇంకొకరి పుస్తకం తెరిచిన మనిషి దర్జాగా నవ్వుతుంటే?

"ఇంకేముందో సూద్దాం" అని అతను పేజీలు తిప్పబోయాడు. ఫోను లాక్కుని బల్ల మీద బోర్లా పెట్టాను. పుస్తకం నా చేతిలోకి తీసుకున్నాను.

"ఫోనెందుకు? రాసినదాన్ని నేను ఉన్న గద. నేనే తెలుగుల సదువుత, ఇనుండ్రి."

పేజీ తిప్పాను. పైకి చదవడం మొదలుపెట్టాను.

"పద్దెన్మిదో తారీఖు నేను పుదుచ్చేరి పోతాన్న. పోవాల్నా అని అడుగుతలేను, చెప్తాన్న. ఆ నాల్గు రోజులు ఎవల పళ్లెం వాళ్లు కడుక్కోండ్రి. నేను వచ్చినంక గూడ కడుక్కోండ్రి."

స్టీఫెన్ నవ్వు ఆగిపోయింది. అత్తమ్మ నన్నూ, పుస్తకాన్నీ మార్చి మార్చి చూసింది.

"గియన్ని ఎప్పుడు రాసినవ్?"

"ఇప్పుడే" అని, ఖాళీ పేజీని వాళ్ల వైపు తిప్పాను.