తుంగనల్లికి నా పేరు

"ఆ బురద ప్యాంటు నా చొక్కాలతో కలిపి నానబెట్టకు" అన్నారు మా ఆయన, పేపర్లోంచి తలెత్తకుండా.

కలపలేదు. ఇన్నేళ్ల కాపురంలో ఒక్కసారీ కలపలేదు. నా బురద బట్టలకి వేరే బకెట్టు, వేరే సబ్బు, అందరివీ ఉతికాక మిగిలిన తీగ మీద కాస్త చోటు. సెలవు రోజున చిత్తడి నేలకి వెళ్లాలంటే ముందు మూడు పూటలకీ వండి, గిన్నెల మీద మూతలు పెట్టి, ఏ గిన్నెలో ఏముందో అప్పజెప్పాలి. మూత తీస్తే కనపడుతుంది కదా అని ఒకసారి నోరు జారినందుకు మా అత్తగారు, "ఉద్యోగం చేసే కోడలొస్తే ఇంతే" అని రెండ్రోజులు నాతో మాట్లాడలేదు. నిజం చెప్పొద్దూ, ఆ రెండ్రోజులూ ప్రాణానికి హాయిగా ఉంది.

నేను కాలేజీలో పురుగుల గురించి పాఠాలు చెబుతాను. ఊరి చివర చిత్తడిలో తుంగ దట్టంగా పెరుగుతుంది. ఆ తుంగ మీద బతికే నల్లి కోసం ఏళ్ల తరబడి మోకాలి లోతు నీళ్లలో తిరిగాను. మంచాల్లో ఉండే నల్లి కాదిది. మొక్కల రసం తాగి బతుకుతుంది. నువ్వుగింజంత ఉంటుంది, ఎండిన తుంగ రంగులో. నాకు ముందు వచ్చినవాళ్లు తుంగ కొసల మీద వల ఊపి, ఏమీ లేదని రాసి వెళ్లిపోయారు. అది కొసల్లో ఉంటే కదా. కాడ నీళ్లని తాకే చోట, ఆకు మడతలో తలకిందులుగా కూర్చుంటుంది. స్టవ్ వెనకా, మంచాల కిందా తుడిచీ తుడిచీ, ఎవరూ చూడని చోటే ముందు చూడటం నాకు అలవాటైపోయింది. సంసారం నాకు నేర్పిన శాస్త్రం అదొక్కటే. వేళ్లతో పట్టుకుంటే చాలు, దాని కాళ్లు ఊడిపోతాయి. అందుకే తడి కుంచెతో ఒక్కోదాన్నీ ఎత్తి సీసాలోకి దించాను. కాళ్లన్నీ మిగిలినవాటికి బొమ్మలు గీశాను. ఇంతవరకూ ఎవరూ లోకానికి చెప్పని జాతి అని తేలింది. సంబరంగా ఇంటికొచ్చి చెబితే, "వాటిని ఇంట్లోకి తేలేదు కదా" అన్నారు అత్తగారు.

మా హెడ్ సారు ఆ చిత్తడికి ఒకే ఒక్కసారి వచ్చారు. బూట్లు పాడవుతాయని గట్టు మీదే నిలబడి, ఫొటో దిగి వెళ్లిపోయారు. మొన్న గదిలోకి పిలిచి కూర్చోమన్నారు. ఎప్పుడూ కూర్చోమనని మనిషి కూర్చోమనేసరికే నాకు అనుమానం వచ్చింది.

"శుభవార్త అమ్మా. ఈ కొత్త నల్లికి మీ పేరు పెడుతున్నాం. లోకం ఉన్నంతకాలం నిలిచిపోతారు."

"దీన్ని ప్రకటించే వ్యాసం ఎవరి పేరు మీద వస్తుంది సార్?"

"నాదీ, మావాడిదీ." మావాడంటే ఆయన దగ్గర పరిశోధన చేస్తున్న విద్యార్థి. గట్టు మీద ఆయనకి ఫొటో తీసింది అతనే. "జాతికి మీ పేరు పెట్టాక రచయితల్లో మీరుంటే ఏం బాగుంటుంది చెప్పండి? తన పేరు తానే పెట్టుకుందంటారు. మన రంగంలో అదొక మర్యాద. సోమవారం మీ బొమ్మలన్నీ తెచ్చిచ్చేయండి."

మర్యాద నిజమే. మా రంగంలో ఎవరూ తన పేరు తాను పెట్టుకోరు. ఆ మర్యాదనే అడ్డం పెట్టి నన్ను నా పనిలోంచి బయటికి నెట్టొచ్చని మాత్రం నాకెప్పుడూ తట్టలేదు. సన్మానం చేస్తున్నామంటూ ఇల్లు ఖాళీ చేయించినట్టుంది. పైగా థాంక్స్ చెప్పి మరీ వచ్చాను. దానికి నా మీద నాకే ఒళ్లు మండుతోంది.

మా ఆయనకి ఇదంతా పెద్ద తమాషా. ఫోన్లో వాళ్లక్కకి చెప్పి పడీపడీ నవ్వారు, "మా ఆవిడ పేరు నల్లికి పెడుతున్నారటే" అని. నేను బాత్రూంలో ప్యాంటు పిండుతూ, ఇది అన్యాయం కదండీ అన్నాను.

"పేరొస్తోంది కదా, ఇంకా ఏడుపెందుకు? ఇంటికీ నీ పేరే పెట్టాను. 'అందులో నాకేముంది' అని నువ్వెప్పుడైనా అడిగావా?"

పిండుతున్న చేతులు ఆగిపోయాయి. నిజమే. గేటు మీద ఇత్తడి అక్షరాల్లో నా పేరుంది. నల్లబడకుండా దాన్ని తోమేది కూడా నేనే. ఇంటి కాగితాల్లో మాత్రం ఆయనా, ఆయన తమ్ముడూ ఉన్నారు. ఇంటి అప్పు వాయిదాలకి పోయింది నా జీతం. సొమ్మొకడిది సోకొకడిది అని ఊరికే అన్నారా. అందరికీ కనపడే చోట నా పేరు, హక్కు ఉండే చోట వాళ్ల పేర్లు. ఇంట్లో అయినా కాలేజీలో అయినా ఒకటే వరస. అడగనందుకే కదా ఇంతదాకా వచ్చింది.

ఆయన చొక్కాలు బకెట్లోనే వదిలేసి, నా ప్యాంటు తీగ మధ్యలో ఆరేసి వచ్చాను.

సోమవారం హెడ్ సారు గదిలోకి వెళ్లి, కూర్చోమనకుండానే కూర్చున్నాను. బొమ్మల సంచి ఒళ్లోనే పెట్టుకున్నాను. ఆయన చెయ్యి చాచారు.

"నల్లికి నా పేరు వద్దు సార్."

"అదేంటమ్మా? మరి ఎవరి పేరు పెడతాం?"

"మీ పేరే పెడదాం" అన్నాను. "వ్యాసం నేను రాసుకుంటాను. మర్యాద మీకు తెలిసిందే కదా."