ఎండుగడ్డి గది

పొద్దున డికాషన్ దిగేలోపు గినీ పందుల బోను శుభ్రం చేసేయడం వినోదినికి అలవాటయింది. అడుగున పరిచిన నిన్నటి పేపరు చుట్టి చెత్త సంచిలో వేసి, కొత్తది పరిచి, దానిమీద గుప్పెళ్ళతో ఎండుగడ్డి చల్లేది. కొత్తిమీర కట్ట విప్పుతున్న చప్పుడు వినబడగానే అవి రెండూ ముందు కాళ్ళు కడ్డీలకి ఆనించి, ఈల వేసినట్టు కీచుమనేవి. ఆ సంబరమంతా కొత్తిమీర కోసమేనని ఆమెకి తెలుసు. అయినా తనను చూసి ఎవరో లేచి నిలబడడం బాగానే ఉండేది.

"మొగుడు హాల్లో చాప మీద, ఎలకలు ఏసీలో. ఎవురన్నా వింటే నవ్విపోతారు," అని గుమ్మంలోంచి అత్తగారు హైమవతి అంది.

"అవి ఎలకలు కావత్తా."

"ఏదో ఒకటిలే. తోక లేని ఎలకలు."

తొండియార్‌పేటలో వాళ్ళది మేడ మీద ఇల్లు. చిన్న గదిలో హైమవతి, మనవరాలు ప్రణతి పడుకుంటారు. పెద్ద గది వినోదినిది, ఆమె భర్త విజయకుమార్‌ది. ఏసీ ఉన్నది ఆ గదిలోనే. పోయిన ఏడాది ప్రణతి పుట్టినరోజుకి విజయకుమారే కొళత్తూరులో పెంపుడు జంతువుల కొట్టుకి వెళ్ళి ఈ రెండింటినీ తెచ్చాడు. "మన ఎండకి తాళవంట. మన రూములోనే పెడతాం," అని బోను తనే మోసుకొచ్చి మంచం పక్కన దించాడు. ప్రణతి వాటికి బన్, జామ్ అని పేర్లు పెట్టింది.

ఆ రాత్రే అతనికి తుమ్ములు మొదలయ్యాయి. కళ్ళు ఎర్రబడ్డాయి. ఎండుగడ్డి దుమ్ము ఒంటికి పడడంలేదన్నాడు డాక్టరు. మాత్ర వేసుకుంటే ప్యారిస్ బజార్లో తన అట్టపెట్టెల కొట్లో కూర్చున్నచోటే నిద్ర ముంచుకొచ్చేది. "రెండు దినాలు హాల్లో పండుకుంటా. ఈలోపల పిల్ల సరదా తీరిపోతాది," అని తలగడ తీసుకుని వెళ్ళాడు.

మర్నాడు లేచినప్పుడు వినోదినికి తనకేమయిందో అర్థం కాలేదు. జ్వరం విడిచిన తరవాత ఉన్నట్టు ఒళ్ళు తేలిగ్గా ఉంది. మంచానికి అడ్డంగా పడుకుని ఉంది. పళ్ళు తోముకుంటుంటే తెలిసింది, రాత్రంతా నిద్రపోయిందంతే.

విజయకుమార్ చెడ్డవాడని ఎవరూ అనలేరు. తాగడు, చెయ్యెత్తడు, కొట్టునుంచి వచ్చేటప్పుడు మల్లెపూలు కూడా తెస్తాడు. కానీ పూలు తెచ్చిన రోజు, తేని రోజు అని లేకుండా, ఆమె కళ్ళు మూసుకుపోతున్నా, నడుము నొప్పితో పక్కకి తిరగలేకపోతున్నా, ప్రణతికి టైఫాయిడ్ వచ్చి ఆమె రాత్రిళ్ళు మేలుకుని మేలుకుని ఉన్నా, అతని చెయ్యి వచ్చేది. అడగడం అనేది అతనికి తెలియదు. అడగాలని అతనికి ఎవరూ చెప్పలేదు. పెళ్ళయిన కొత్తలో ఒకసారి ఆమె, "ఈ రోజు వద్దండీ, ఒళ్ళు బాలేదు," అంది. అతను కోప్పడలేదు. నవ్వాడు. "అయిదు నిమిషాల పని. దానికి గూడా పంచాంగం చూడాల్నా?" అన్నాడు. ఆ నవ్వు తరవాత ఆమె మళ్ళీ ఎప్పుడూ చెప్పలేదు. ఫ్యాను రెక్కల వైపు చూస్తూ రేపటి టిఫిను గురించి ఆలోచించడం నేర్చుకుంది. చింతాద్రిపేటలో అమ్మకి చెప్పుకుందామని వెళ్ళి, మాటలు దొరక్క, "నాకు నిద్ర సరిపోవడంలేదమ్మా," అని మాత్రం అనగలిగింది. అమ్మకి అర్థమయింది. అర్థమయిన దానిలాగే చూసి, "మంచోడు గదమ్మా. ఇంకేం కావాల నీకు?" అని కాఫీ కలపడానికి లేచింది. ఏం కావాలో వినోదినికి కూడా అప్పుడు తెలియదు. బోను వచ్చిన తరవాతే తెలిసింది.

రెండు దినాలు నెలలయ్యాయి. ప్రణతి సరదా ఎప్పుడో తీరిపోయింది. గదిలోకి వచ్చినా చార్జరు కోసమే వచ్చేది. ఆ సంగతి బయటపడకుండా వినోదిని కాపాడుకుంటూ వచ్చింది. "ప్రణతి పొద్దున వాటికి జామపండు పెట్టింది," అని భర్త వింటుండగా అనేది. జామపండు కోసింది, పెట్టింది తనే. వాటికోసం రోజూ గరిక కొంటుంటే, గుడి దగ్గర అది అమ్మే కన్నియమ్మ, "ఏందమ్మా, దినామూ వినాయకుడికి ఇంత మొక్కుకుంటా ఉండావు?" అని అడిగితే అవునని తలూపేది. గడ్డి కొంచెం ఎక్కువే చల్లేది. బోను బయట రాలిన గడ్డిపోచలని ఎప్పుడూ ఊడ్చేది కాదు.

ఒక ఆదివారం భోజనాల దగ్గర విజయకుమార్ అన్నాడు. "కొళత్తూరాయన వాపసు తీసుకుంటాడంట. ఇచ్చేద్దాం. ఎన్నాళ్ళని హాల్లో పండుకునేది?"

"ప్రణతి ఏడుస్తుందండీ."

"దాన్నే అడుగుతా. పాపా, నీకు ఆ పందులు ఇంకా కావాల్నా?"

ప్రణతి పెరుగన్నం కలుపుతోంది. తల ఎత్తి నాన్నని చూడలేదు, అమ్మని చూసింది. చాలాసేపు చూసినట్టనిపించింది వినోదినికి.

"వేణుం పా," అంది ప్రణతి తమిళంలో. "నాకు కావాల. ఎవురికీ ఇవ్వకూడదు."

ఆ సాయంత్రం వినోదిని జడ వేస్తూ, "వాటితో నువ్వు ఆడుకోవడమే లేదు గదా, ఎందుకు కావాలన్నావు?" అని మెల్లగా అడిగింది.

ప్రణతి వెనక్కి తిరగలేదు. "నాన్న ఆ రూములో ఉన్నప్పుడు కొన్ని దినాలు పొద్దున నువ్వు మాట్లాడవు మా. ఇప్పుడు దినామూ మాట్లాడతావు."

దువ్వెన వినోదిని చేతిలో ఆగిపోయింది. తను దాచుకున్నాననుకున్నది ఇన్నాళ్ళూ పక్కగదిలో ఒక పిల్ల కనిపెడుతూ ఉంది. సిగ్గేసింది. అంతకంటే ఎక్కువగా, ఈ పిల్ల ఇప్పటినుంచే తనలాగా దాచడం నేర్చుకుంటోందన్న భయం వేసింది. జడ చివర రిబ్బను ముడి వేసింది.

మే నెలలో ట్రాన్స్‌ఫార్మరు పేలి వీధంతా కరెంటు పోయింది. వినోదిని అప్పుడు ఒక ప్రైవేటు స్కూల్లో, తను పనిచేసే ఆఫీసు గదిలో ఉంది. అడ్మిషన్ల రోజులు. వరండా నిండా తల్లిదండ్రులు. పక్కింటావిడ ఫోను చేసి చెప్పగానే ఇంటికి చేసింది.

"అత్తా, బోను హాల్లోకి లాగి, కిటికీ దగ్గర పెట్టి, మీద తడి గుడ్డ కప్పండి. కొంచెం నీళ్ళు పెట్టండి. లేకపోతే చచ్చిపోతాయి."

"సరి, సరి," అంది హైమవతి. ఆ సరి ఎలాంటిదో వినోదినికి తెలుసు. ఆ బోనుని ఆవిడ ఒక్కసారి కూడా ముట్టుకోలేదు. ప్రణతి ట్యూషన్‌లో ఉంది.

స్కూలు నడిపే కరస్పాండెంటు గదిలోకి వెళ్ళి గంట పర్మిషను అడిగింది. ఆయన పేరు వెంకటాచలం. ఎమ్.కామ్ చదివిన వినోదినిని చేర్చుకున్న రోజునుంచీ, ఎవరైనా పెద్దవాళ్ళు వస్తే ఆయాని కాదని ఆమె చేతనే కాఫీ తెప్పించుకునేవాడు. పర్మిషను ఎందుకని అడిగాడు. అబద్ధం చెప్పాలని ఆమెకి తోచలేదు.

"ఎలకలకి గూడా లీవా మేడమ్?" అన్నాడాయన. ఎదురుగా కూర్చున్నవాళ్ళు నవ్వారు. "ఈడ నలుగురు గెస్టులుండారు. ముందు కాఫీ చూడండి."

ఆమె వెళ్ళిపోయి ఉండవచ్చు. బ్యాగు తీసుకుని మెట్లు దిగి ఆటో ఎక్కి ఉండవచ్చు. తరవాత చాలాసార్లు అదే అనుకుంది. అప్పుడు మాత్రం ట్రే తీసుకుని లోపలికి వెళ్ళింది.

ఇంటికి వచ్చేసరికి పెద్ద గది తలుపు, కిటికీలు వేసినవి వేసినట్టే ఉన్నాయి. లోపల పొయ్యిలాగా ఉంది. బన్, జామ్ ఒకదాని పక్కన ఒకటి బోను మూలలో, నీడ ఎక్కువగా ఉందనుకున్నచోట, పక్కకి ఒరిగి ఉన్నాయి.

"నాకు మోకాళ్ళ నొప్పి. ఎట్టా లాగేదబ్బా ఆ బోను?" అంది హైమవతి. ఆవిడకి నిజంగానే మోకాళ్ళ నొప్పి ఉంది. వినోదిని పాత తువ్వాల్లో రెండింటినీ చుట్టి, కిందికి దిగి, కార్పొరేషను చెత్తబండి తోసే ఆమె చేతిలో పెట్టింది. బరువే లేవు.

విజయకుమార్ వచ్చి కాసేపు బాధపడ్డాడు. "పావం. పోతే పోయినాయిలే, ఏడవబాకు," అని ఆమె భుజం తట్టాడు. తనే బోను డాబా మీద పెట్టి వచ్చాడు. "గది ఫినాయిలేసి కడిగెయ్యి. ఒక పోచ గూడా ఉండకూడదు," అన్నాడు. ఆమె కడిగింది. నేల ఇంకా ఆరకముందే అతను హాల్లోంచి తలగడ తెచ్చి మంచం మీద వేశాడు. కొట్టునుంచి వస్తూ మల్లెపూలు కూడా తెచ్చాడు ఆ రోజు.

మర్నాడు పొద్దున ప్రణతి వంటింట్లోకి వచ్చి నిలబడింది. "అమ్మా," అంది. వినోదిని దోసె తిప్పుతోంది. "అమ్మా," అంది మళ్ళీ. తరవాత పిలవలేదు. పళ్ళెం తనే తీసుకుంది.

శనివారం స్కూలు అయిపోయాక వినోదిని ఇంటి వైపు బస్సు ఎక్కలేదు. కొళత్తూరు వెళ్ళింది. ఆ వీధి పొడుగునా చేపల తొట్లు, చిలకల పంజరాలు. విజయకుమార్ చెప్పిన కొట్టు కనుక్కోవడం కష్టం కాలేదు. కొట్టతను ఒక పెట్టె మూత తీసి చూపించాడు. లోపల నల్లవి, తెల్లవి, గోధుమరంగువి ఒకదాన్నొకటి తోసుకుంటున్నాయి. ఎండుగడ్డి వాసన ముఖానికి కొట్టింది. ఆమె గట్టిగా పీల్చుకుంది.

"పిల్లల కోసమా?" అని అతను తమిళంలో అడిగాడు.

"కాదు. నాకే."

అతను రెండింటిని ఎత్తి ఆమె చేతుల్లో పెట్టాడు. వాటి గుండెలు ఆమె వేళ్ళకి టకటకా తగిలాయి.

"ఎన్నాళ్ళు బతుకుతాయి?"

"బాగా చూసుకుంటే అయిదేళ్ళు. మహా అయితే ఆరు."

వినోదిని వాటిని ఇంకొంచెం దగ్గరికి పట్టుకుంది. వీధిలో ఎవరో హారను మోగిస్తూనే ఉన్నారు.

"గడ్డి తినేవాటిలో," అని అడిగింది, "ఇంతకంటే ఎక్కువ కాలం బతికేది ఏదన్నా ఉందా?"