గార్సా కుడికాలు

చలికాలంలో ఎముకలు కొరికే మినువానో గాలి మొదలైతే సాంతా లూర్దెస్‌లో కుక్కలు కూడా పొయ్యి దగ్గర్నుంచి కదలవు. అలాంటిది ఆ జులై ఆదివారం, ఆ గాలిలోనే, సన్నటి తుంపరలోనే, ఊరంతా వచ్చి మైదానం చుట్టూ నిలబడింది. ఫ్రొంతేరాకీ పాంపేయానోకీ ఫుట్‌బాల్ ఆట. ఒకే ఊళ్లో రెండు క్లబ్బులు. ఒక క్లబ్బు ఇంటి పిల్ల రెండో క్లబ్బు ఇంటికి కోడలుగా వెళ్లినా, ఆ రోజు మాత్రం పుట్టింటి వైపే నిలబడి మొగుణ్ని తిడుతుంది.

లియోమార్ తవారెస్ ఫ్రొంతేరాకి కుడి అంచున ఆడేవాడు. పొడుగాటి సన్నకాళ్లు, మెడ ముందుకు చాపి నడిచే తీరు చూసి చిన్నప్పుడే ‘గార్సా’ అని పేరు పెట్టేశారు, కొంగ అని. బంతి దొరికాక ఆ కొంగని పట్టుకోవడం సరిహద్దు జిల్లాల్లో ఎవరి తరమూ కాలేదు. ఆ రోజు పోర్తో అలెగ్రె నుంచి పెద్ద క్లబ్బు మనిషి ఒకాయన అతన్ని చూడటానికే వచ్చి, టోపీ కళ్లమీదికి లాక్కుని కూర్చున్నాడు. రెండు మంచి పరుగులు తీస్తే చాలు, గార్సా ఇక ఈ ఊళ్లో ఉండడని అందరూ అనుకుంటున్నారు.

ఆ పరుగుల్లో ఒకటి తీశాడు. రెండోదానికి బంతి కాస్త ముందుకు జారింది. దానికోసం పాంపేయానో వైపు నుంచి నెరేవు మషాదు వచ్చాడు. మాంసం కొట్టు వాళ్లబ్బాయి, పొట్టిగా దిమ్మలా ఉంటాడు. తడిగడ్డి మీద బంతి కోసమే జారాడు. బంతి అందలేదు, లియోమార్ కుడికాలు అందింది. ఎండుకట్టె విరిగినట్టు వచ్చిన చప్పుడు గేటు దగ్గర వేరుశనగలు అమ్ముకునేవాడికి కూడా వినిపించింది.

స్ట్రెచర్ మీద మోసుకుపోతుంటే లియోమార్‌కి గుర్తున్నది ఒకటే. పాంపేయానో జనం “నెరేవు! నెరేవు!” అని కేకలు పెడుతున్నారు. ఆ నెరేవు మాత్రం గడ్డిలో మోకాళ్ల మీద కూలబడి, చొక్కాలో మొహం దాచుకున్నాడు.

ఆపరేషన్ చేసిన డాక్టరు మెత్తటి మనిషి. “నడుస్తావు, దిగుల్లేదు. పరిగెత్తుతావు కూడాను. ఆట సంగతి మాత్రం నేను మాటివ్వలేను,” అన్నాడు. టోపీ పెద్దమనిషి ఒకసారి వచ్చి, భుజం తట్టి, త్వరగా కోలుకోవాలని చెప్పి బస్సెక్కాడు. అంతే, మళ్లీ కబురు లేదు.

లియోమార్‌కి ఉన్నది తల్లి ఒక్కతే. జుల్మీరా. పశువుల కాపర్లు తొడుక్కునే వదులు పంట్లాలు కుట్టి కొడుకుని పెంచిన మనిషి. నోరు కత్తెర కంటే పదును. లియోమార్ ఇంటికొచ్చిన వారానికే నెరేవు కమలాపండ్ల సంచీతో గుమ్మంలో నిలబడ్డాడు.

“ఎందుకొచ్చావు? రెండో కాలు మిగిలిందనా?” అంది జుల్మీరా.

“చూసి పోదామని, అమ్మా.”

“చూడటానికి ఇదేం సర్కస్సా? పో!”

సంచీ వీధిలో పడింది. పండ్లు ఏరుకుని వెళ్లిపోయాడు. మళ్లీ వచ్చాడు, మళ్లీ తిట్లు తిన్నాడు. ఆ తర్వాత చేతిలో పంట్లాంతో వచ్చాడు. 

“కుట్లు ఊడాయి. కుట్టించుకుందామని.”

జుల్మీరా పంట్లాం తిప్పి చూసింది. “ఊడటమేంట్రా? బ్లేడు పెట్టి కోసినట్టుంటేనూ!”

నెరేవు చెవులు ఎర్రబడ్డాయి. మంచం మీదున్న లియోమార్‌కి ఎన్నాళ్లకో నవ్వు ముంచుకొచ్చింది, గోడవైపు తిరిగి దాచుకున్నాడు. పని తెచ్చిన మనిషిని వెళ్లగొట్టడం జుల్మీరాకి చేతకాదు. “కూర్చో. అయ్యేదాకా ఉలకకు, పలకకు,” అంది.

అలా అతను ఆ ఇంట్లో కూర్చోవడం మొదలైంది. ఇరుగుపొరుగు వచ్చినప్పుడు మాతే ఆకు కషాయం పోసిన సొరబుర్ర చేతులు మారుతూ గుండ్రంగా తిరిగేది. నెరేవు దగ్గరికొచ్చేసరికి జుల్మీరా అతన్ని దాటించి పక్కవాళ్లకి ఇచ్చేది. ఆ ఊళ్లో అంతకంటే పెద్ద అవమానం లేదు. అతను నేల చూపులు చూసేవాడు గాని లేచి వెళ్లేవాడు కాదు. అతనికి ఎన్ని పంట్లాలున్నాయో గాని, అన్నిటికీ కుట్లు ఊడాయి.

ఒకరోజు పక్కింటావిడ మాటల్లో అంది, “పాపం, ఆ దెబ్బతో ఇతను కూడా బూట్లు మూలన పడేశాడట. పాంపేయానో వాళ్లు ఎంత బతిమాలినా రావట్లేదట.”

ఆమె వెళ్లాక లియోమార్ మంచం మీద లేచి కూర్చున్నాడు.

“నిజమేనా?”

“నిజమే,” అన్నాడు నెరేవు. “మైదానంలోకి వెళ్తే ఆ చప్పుడే వినపడుతోంది. నా వల్ల కాదు.”

జాలి పడతాడనుకున్నాడేమో. లియోమార్ చేతికందిన కర్ర విసిరాడు. అది గోడకి తగిలి కింద పడింది.

“కాలు విరిగింది నాకా, నీకా? ఆడలేక నేనేడుస్తుంటే, ఆడగలిగిన నువ్వు కూడా మానేశావా? ఊళ్లో నీ మీద జాలిపడాలి, అంతేనా? అదీ నా దగ్గర్నుంచే లాక్కుంటావా?”

“అది కాదు, గార్సా...”

“నోర్ముయ్! రేపు బూట్లు వేసుకురా. రాకపోతే ఇక ఈ గుమ్మం తొక్కకు. పంట్లాలు వేరే దర్జీ దగ్గర కుట్టించుకో!”

కుట్టు మిషను ఆగింది. జుల్మీరా తలెత్తి ఇద్దర్నీ చూసింది. కొడుకు గొంతులో అంత బలం ఆ ఆదివారం తర్వాత ఆమె విననేలేదు.

మర్నాడు నెరేవు బూట్లతో వచ్చాడు. లియోమార్ చంకలో కర్రలతో వీధి చివరిదాకా నడిచాడు, నెరేవు పక్కన నడిచాడు. కొన్ని వారాలకి కర్రలు పోయాయి. తర్వాత ఊరి బయట గొర్రెల కంచె వెంబడి మట్టిదారిలో నడక, ఆ మీదట పరుగు. నెరేవు మాంసం కొట్టులో పొద్దుటి పని ముగించుకుని, రక్తపు వాసనతోనే వచ్చేవాడు. “ముందు నువ్వు పరిగెత్తు, గాలి నీ వైపు నుంచి వస్తోంది,” అని లియోమార్ ముక్కు మూసుకునేవాడు. ఊళ్లోవాళ్లకి మొదట వింతగా ఉండేది. “కొంగా, బర్రె దూడా జంటగా మేతకి పోతున్నాయి,” అని నవ్వేవాళ్లు. తర్వాత అలవాటు పడ్డారు.

ఎముక అతికింది. డాక్టరు ఎక్స్‌రే చూసి, ఇక ఆడుకోమన్నాడు. అసలు చిక్కు అప్పుడు బయటపడింది. ఫ్రొంతేరా ప్రాక్టీసులో ఎవరైనా దగ్గరికొస్తే చాలు, లియోమార్ బంతి వదిలేసి కాలు వెనక్కి లాక్కునేవాడు. తనకి తెలియకుండానే. వేడి పెనం దగ్గర చెయ్యి లాక్కున్నట్టు. కోచ్ ఆర్జెవు రెండు మూడు ఆటలు చూసి పక్కకి పిలిచాడు. “కాలు బాగానే ఉంది, బాబూ. నువ్వే ఇంకా బాగవలేదు. దీనికి నా దగ్గర మందు లేదు.”

ఆ సాయంత్రం లియోమార్ ఇంటి వెనక ఖాళీస్థలంలో కూర్చుని నెరేవుకి ఆ సంగతి చెప్పాడు. ఇద్దరూ లేచి నిలబడ్డారు. ఏం చెయ్యాలో ఇద్దరికీ తెలుసు. లియోమార్ బంతితో వచ్చాడు. నెరేవు ఎదురెళ్లి, చివరి క్షణంలో పక్కకి తప్పుకున్నాడు. లియోమార్ మళ్లీ వచ్చాడు. నెరేవు మళ్లీ తప్పుకున్నాడు. ఒకడు కాలు లాక్కుంటాడు, ఇంకొకడు కాలు చాపడు. ఇద్దరి మధ్యా బంతి దిక్కులేకుండా దొర్లుతోంది.

వెనక తలుపు దబ్బున తెరుచుకుంది. మెడలో కొలత టేపు, నోట్లో గుండుసూదులతో జుల్మీరా వచ్చింది. సూదులు తీసి చేతిలో పట్టుకుంది.

“ఏరా, నెరేవూ! ఏంటా నాట్యం?”

“భయంగా ఉందమ్మా.”

“ఆ రోజు లేదేం భయం?”

ఆమె చేతిలోని సూదులు ఒక్కొక్కటే కొలత టేపుకి గుచ్చింది. గొంతు మారింది. “వాడు బళ్లోకెళ్లే వయసు నుంచీ వాణ్ని ఆట తప్ప ఇంకో పని చెయ్యనివ్వలేదు నేను. ఇప్పుడు వాడు నా పక్కన కూర్చుని బొత్తాలు కుడుతున్నాడు. చూడలేకపోతున్నాను. సరిగ్గా వెయ్యి. బంతి కోసం, నీ బలమంతా పెట్టి. మళ్లీ విరిగితే మళ్లీ అతికిద్దాం. వెయ్యి!”

“అమ్మా...” అన్నాడు లియోమార్.

“నువ్వు మాట్లాడకు. బంతి తీసుకుని రా.”

లియోమార్ బంతి తీసుకుని వెనక్కి నడిచాడు. ఎదురుగా నెరేవు చొక్కా చేతులు పైకి మడిచి, శిలువ గుర్తు వేసుకున్నాడు. లియోమార్ పరుగందుకున్నాడు. దిమ్మలాంటి ఆ మనిషి నేలమీద జారుతూ రావడం చూశాడు. కాలు వెనక్కి పోబోయింది. పళ్లు బిగబట్టి అక్కడే ఉంచాడు. ధన్‌మని బూటుకి బూటు తగిలింది. ఇద్దరూ బురదలో దొర్లారు.

ఎవరూ కదల్లేదు. లియోమార్ మెల్లగా కాలు ముడిచాడు, చాపాడు. మళ్లీ ముడిచాడు. పిర్ర మీద తప్ప ఎక్కడా నొప్పి లేదు.

“ఫౌలు!” అన్నాడు.

“ఏం ఫౌలు? బంతే కొట్టాను!” అన్నాడు నెరేవు. అంటూనే భోరుమన్నాడు. లియోమార్‌కి నవ్వాగలేదు. నవ్వుతూ నవ్వుతూ అతను కూడా కళ్లు తుడుచుకున్నాడు. చీకటి పడేదాకా గుద్దుకుంటూనే ఉన్నారు. లోపలికొచ్చాక జుల్మీరా మాతే కలిపి, బుర్ర మొదట నెరేవు చేతికే ఇచ్చింది. “చల్లారిపోతుంది, తాగు. మొహం అలా పెట్టకు,” అంది.

ఆ తర్వాతి సంగతులు ఊళ్లో అందరికీ తెలిసినవే. పాత వేగం లియోమార్‌కి తిరిగి రాలేదు. అంచున పరిగెత్తడం పోయింది. ఆర్జెవు అతన్ని మధ్యకి తెచ్చాడు. మంచం మీద పడి ఉన్నన్నాళ్లూ రేడియోలో ఆటలు వింటూ, ఎవరు ఎక్కడున్నారో మనసులో బొమ్మ కట్టుకోవడం అలవాటయిందేమో, తల తిప్పకుండానే బంతి ఎవరికి ఇవ్వాలో అతనికి తెలిసేది. నది ఒడ్డు ఊళ్లో ఆడిన మొదటి ఆటలోనే ముక్కూమొహం తెలియని కుర్రాడొకడు కాళ్లమీద పడ్డాడు. మైదానమంతా ఊపిరి బిగబట్టింది. గార్సా లేచి, గడ్డి దులుపుకుని, ఫ్రీకిక్కు కోసం బంతి సర్దుకున్నాడు.

రెండేళ్లకి కొండప్రాంతం క్లబ్బు ఒకటి అతన్ని తీసుకుంది. రక్షణలో గట్టి మనిషి కావాలని వాళ్లు వెతుకుతుంటే, “మా ఊళ్లో ఒకడున్నాడు, నా కాలికి బాగా తెలుసు,” అన్నాడు. నెరేవు కూడా సామాను సర్దుకున్నాడు. కొన్నాళ్లు అక్కడ, కొన్నాళ్లు సముద్రం ఒడ్డున, మళ్లీ అక్కడ. పెద్ద పేరేమీ రాలేదు. ఆడుకుంటూ బతికారు, ఇంటికి మంచి కబుర్లు పంపారు. లియోమార్ పెళ్లిలో తోడుపెళ్లికొడుకు నెరేవే. నెరేవు కూతురికి జ్ఞానస్నానం చేయించినప్పుడు ఎత్తుకున్నది లియోమార్.

వాళ్లకి ముప్పై దాటాక ఒకసారి ఆ కొండ క్లబ్బు రాష్ట్ర పోటీలో సెమీఫైనల్ దాకా వచ్చింది. ఆట పోర్తో అలెగ్రెలో, ఒకప్పుడు లియోమార్‌ని వద్దనుకున్న ఆ పెద్ద క్లబ్బు మీద. జుల్మీరా మొదటిసారి నగరం వచ్చింది. గొడుగు, మాతే బుర్ర, వేడినీళ్ల ఫ్లాస్కు చంకన పెట్టుకుని, గుంపు మధ్యలో ఇరుక్కుని కూర్చుంది.

నెరేవు ఎదుటి జట్టులో పేరున్న ఆటగాణ్ని అడ్డుకుని బంతి లాగేసుకోగానే, వెనక వరసలోంచి ఒకడు అరిచాడు. “కసాయోడా! బయటికి పంపండి వాణ్ని!”

జుల్మీరా గిర్రున తిరిగి గొడుగు ఎత్తింది. “నీ కాలేమన్నా విరగ్గొట్టాడా? నోరు మూసుకుని ఆట చూడు! వాణ్ని తిట్టాలంటే నేను తిడతాను!”

ఆమె ఇటు తిరిగేసరికి, నెరేవు లాగేసుకున్న బంతి మధ్యలో లియోమార్ దగ్గరికి వచ్చింది. ఇద్దరు మీదికొస్తున్నారు. కాలు కదలనివ్వలేదు అతను. వాళ్లు తగిలే లోపే బంతిని పొడుగ్గా కుడి అంచుకి తోశాడు. అక్కడ చిరుతలాంటి కుర్రాడొకడు దాన్ని అందుకుని పరుగు తీశాడు. వాళ్లు గుద్దితే పడిపోయిన లియోమార్ అక్కడి నుంచే లేస్తూ, “వెళ్లు, వెళ్లు, వెళ్లు!” అని అరుస్తున్నాడు. జుల్మీరా ఫ్లాస్కు ఎవరి ఒళ్లోనో పడేసి, బెంచీ ఎక్కి నిలబడింది.