అరువు పాపం

మొదటి సత్ప్రసాదానికి, అంటే పూజలో ఫాదర్ గారిచ్చే పవిత్ర అప్పం తొలిసారి అందుకోవడానికి, పిల్లల్ని సిద్ధం చేయడంలో తల్లిదండ్రులు కూడా ఓ చెయ్యి వేయాలని సిస్టర్ గారు చెప్పినప్పటి నుంచి మా చర్చి వరండాలో ఆడవాళ్ళ మాటల తీరే మారిపోయింది.

"మావాడికి పాపాలన్నీ వచ్చేశాయండీ. ఎక్కడా తడబడకుండా అప్పజెప్పేస్తున్నాడు," అంది దర్జీ గారి భార్య, ఎక్కాల గురించి చెప్పినట్టు.

"మీకు నయం. మాదాన్ని అబద్ధాలాడానని చెప్పమంటే, నేనెప్పుడాడానే అని నా మీదకే వస్తోంది," అంది పక్కనున్నావిడ.

సత్ప్రసాదం తీసుకోబోయే ముందు పిల్లలు ఫాదర్ గారి దగ్గర మొదటిసారి పాపసంకీర్తనం చేయాలి. చేసిన తప్పు తలుచుకుని, తమ నోటితో తామే చెప్పుకోవాలి. వీళ్ళేమో ఆ తప్పుల్ని ఎంచి, ఉతికి, ఇస్త్రీ చేసి మరీ పిల్లల నోట్లో పెడుతున్నారు. ఇంటి పరువు పోకూడదు, ఫాదర్ గారు ముచ్చటపడాలి. మా ఇల్లు నయమనుకున్నాను. తొందరపడ్డాను.

తల్లిదండ్రుల క్లాసుకి మా ఆయన ఒక్కనాడూ మొహం చూపించలేదు. ఓ ఆదివారం, ఎందుకు రావడం లేదని ఫాదర్ గారే ఫోన్ చేశారు. ఈయన సోఫాలో కాళ్ళు చాపుకుని మ్యాచ్ చూస్తూ, "నాన్నకి జ్వరమని చెప్పు," అని ఫోను మా అమ్మాయి చిట్టి చేతిలో పెట్టారట. అదీ అలాగే చెప్పిందట. ఫాదర్ గారు ఫోన్‌లోనే రోగి కోసం ప్రార్థన చేస్తే, పిల్ల కళ్ళు మూసుకుని "ఆమెన్" కూడా అందట. నేను బట్టలు ఆరేసి వచ్చేసరికి మొహం చిన్నబుచ్చుకుని నిలబడి ఉంది. రోగి సిక్సర్‌కి చప్పట్లు కొడుతున్నాడు.

పాపసంకీర్తనం రోజు పొద్దున పిల్ల పాలు కూడా ముట్టలేదు.

"నాన్నా, ఫాదర్‌కి అబద్ధం చెప్పానుగా. అది ఆయనకే చెప్పాలి."

ఈయన నిటారుగా కూర్చున్నారు. "అది పాపమేంటే? చిన్న సర్దుబాటు. చెల్లి జడ లాగానని చెప్పు."

"నాకు చెల్లి లేదుగా."

"బాబాయి కూతురుందిగా!"

"దానికింకా జుట్టే రాలేదు నాన్నా. తెలిసి దాచితే మొత్తం వేస్టని సిస్టర్ చెప్పారు."

"సిస్టర్‌కేం తెలుసు, సంసారమా ఏమన్నానా?"

ఆ మాట అంటూ అట్టు తుంచి నోట్లో పెట్టుకున్నారు. ఆ నమిలే దవడ చూస్తుంటే నాకు పళ్ళెం లాగేయాలనిపించింది.

చర్చిలో పిల్లలు వరసలో నిలబడ్డారు. పెద్దలెవరైనా ముందు వెళ్తే పిల్లలకు బెదురు పోతుందని సిస్టర్ గారు అన్నారు. చిట్టి తండ్రి చెయ్యి పట్టుకుంది. "నువ్వెళ్ళు నాన్నా. నువ్వు ముందే చెప్పేస్తే నాకు భయముండదు."

"నాకేం పాపాలున్నాయే?" అన్నారీయన, చొక్కా కాలరు సర్దుకుంటూ.

నిజంగా ఆ మాటే అన్నారు. శిలువ ఎదురుగా.

పిల్ల నా వైపు తిరిగింది. "అమ్మా, నాన్న చెప్పమన్నది చెప్పనా, జరిగింది చెప్పనా?"

"నువ్వు చేసింది నువ్వు చెప్పు. ఎవరూ నిన్నేమీ అనరు," అన్నాను. ఈయన నా మోచెయ్యి గిల్లారు. నేను మడమతో ఆయన కాలు తొక్కాను, కాస్త బలంగానే.

చిట్టి ఫాదర్ గారు కూర్చున్న గదిలోకి వెళ్ళింది. ఈయన ఒక చెవి అటే పెట్టి మెడ సాచారు. అంత శ్రద్ధగా క్లాసులు విని ఉంటే ఈపాటికి మా ఆయనే క్లాసులు చెప్పే ఉపదేశి అయ్యుండేవారు.

పిల్ల బయటికొచ్చింది. భుజాల మీది బరువు దిగినట్టుంది. మొహం తేటపడింది. బెంచీ దగ్గరికి రాగానే ఈయన వంగి, "ఏం చెప్పావే?" అన్నారు.

"నాది నేను చెప్పేశాను."

"నా పేరు చెప్పావా?"

కూతురికి ఎలా ఉందని కాదు, ఏడ్చావా అని కాదు. తన పేరు!

"లేదు. ఎదుటివాళ్ళ పాపం చెప్పకూడదుగా నాన్నా. నీది నువ్వే చెప్పుకోవాలి," అంది చిట్టి.

ఆయన హమ్మయ్య అంటూ వెనక్కి వాలారు. నవ్వు కూడా నవ్వారు.

నేను పిల్ల చెయ్యి పట్టుకుని అవతలి వరసలోకి వెళ్ళి కూర్చున్నాను.