యాభై పిడేళ్ళు

మోహనకృష్ణ డ్యూటీ దిగి వచ్చి గుమ్మంలో బూట్లు విప్పాడంటే చాలు, ఇంట్లో ఎక్కడినుంచో యాభై పిడేళ్ళు ఎత్తుకుంటాయి. వెనక డోళ్ళు మోగుతాయి. వంటింట్లోంచి సుభద్ర, "వచ్చాడయ్యా మహారాజు" అని విసుక్కుంటుంది. పక్కింటి సాయిలక్ష్మి అప్పడాల కర్రతో గోడ మీద కొట్టి, "వదినా, జరా తగ్గించండి, పిల్లకి బోర్డు పరీక్షలు" అని అరుస్తుంది.

తగ్గించడానికి అదేమైనా టేప్‌రికార్డరా? పెళ్ళైన ఏడాది, 2004లో, ఇద్దరూ ఓ అంతరిక్ష సినిమా చూశారు. అందులో వేరు వేరు గ్రహాల ప్రేమికులు ఎదురుపడినప్పుడల్లా ఆ బాణీ వచ్చేది. అది హాల్లోంచి వీళ్ళ వెంటే రిక్షా ఎక్కి దేవేంద్రనగర్‌లో ఇంటికి వచ్చేసింది. రెండో భాగంలో బాణీ నెమ్మదిస్తే ఇంట్లోనూ నెమ్మదించింది. మూడో భాగంలో డోళ్ళు చేరితే ఇంట్లోనూ చేరాయి. కూరలో ఉప్పెక్కువైందని పోట్లాడుకుందామన్నా వెనకాల ప్రేమ వాయిద్యమే. తనివితీరా ఒక్క తగువైనా ఆడుకోని మొగుడూ పెళ్ళాలు రాయ్‌పూర్ మొత్తానికి వీళ్ళే.

మోహనకృష్ణ గూడ్సు బండి లోకో పైలట్. ఇంజన్లో ఒకరు సిగ్నల్ రంగు పైకి చెబితే రెండోవాళ్ళు తిరిగి చెప్పాలి. ఆ అలవాటు ఇంటికీ వచ్చింది. సుభద్ర "కాఫీ" అంటే ఆయనా "కాఫీ" అనేవాడు. "గ్యాస్ అయిపోయింది" అంటే "గ్యాస్ అయిపోయింది." ఏళ్ళ తరబడి ఆ చిలక పలుకులకి ఆవిడకి ఒళ్ళు మండేది. ఏడాదిగా ఆయన పలకడం మానేస్తే ఇంకా మండింది.

ఓ ఆదివారం మధ్యాహ్నం భోజనం దగ్గర ఆయన అననే అన్నాడు.

"పిడేళ్ళు మానీసాయి సుభద్రా. ఉత్త డోళ్ళే. నీకు నా మీద కోపం తప్ప ఏటీ మిగల్నేదు."

"వీధి వీధంతా ఇంటోంది, మీకే ఇనబడ్డం నేదా! ఇష్టం నేకపోతే నేదని చెప్పండి, నాటకాలెందుకు? రేపు బండికి విజీనారం మా అమ్మోళ్ళింటికి పోతాను."

నిజంగానే అటక మీంచి పెట్టె దించి చీరలు సర్దడం మొదలుపెట్టింది. అదే సమయానికి టీవీలో ఆ సినిమా నాలుగో భాగం వస్తోంది. తలలు నెరిసిన ప్రేమికులు మళ్ళీ ఎదురుపడ్డారు. టీవీలో యాభై, ఇంట్లో యాభై, వంద పిడేళ్ళు ఒక్కసారిగా ఎత్తుకున్నాయి.

"చూసావా?" అన్నాడు మోహనకృష్ణ తెరవైపు చెయ్యి చూపించి. "సినిమాలోనూ తీసీసారు. బిల్కుల్ డోళ్ళే."

సుభద్ర చేతిలో చీర అలాగే ఉండిపోయింది. లేచి ఆయన వెనక్కి వెళ్ళింది.

"కాఫీ" అంది. ఆయన కదల్లేదు.

"కాఫీ!"

ఆయన టీవీ చూస్తూనే ఉన్నాడు. ఆవిడ కోపమంతా భయమైపోయింది. పాతికేళ్ళ ఇంజను హోరు సన్న శబ్దాలన్నీ మింగేసి, లావు శబ్దాలు మాత్రం వదిలిందన్నమాట. ఎదురుగా వచ్చి నిలబడింది.

"ఇంజన్లో ఆ అసిస్టెంటు చెప్పేది ఎలాగ ఇంటున్నారు?"

ఆయన తల దించుకున్నాడు. "మూతి చూసి."

"దేవుడా!"

"రెండు నెలల్లో మెడికల్. దింపీస్తారు సుభద్రా. ఇంజను దిగితే నేనేటి?"

"నా మొగుడు. చాలదా? తిల్దా రైలు గేటు కాడ పట్టాలు దాటేవోళ్ళ ఉసురు మనకెందుకు? రేపు మీరు బండెక్కరు. బస్, అంతే."

పెట్టె మళ్ళీ అటకెక్కింది. మర్నాడు ఆయన రైల్వే ఆసుపత్రికి తనంత తానే వెళ్ళి ఉన్నదున్నట్టు చెప్పేశాడు. ఇంజను దింపి, డ్రైవర్లు డ్యూటీకి సంతకాలు పెట్టే చోట ఓ కుర్చీ ఇచ్చారు. నెలరోజులు మొహం ముడుచుకుని సుభద్రని కాల్చుకు తిన్నాడు. ఆ తర్వాత చెవులకి మిషను వచ్చింది.

ఆ సాయంత్రం గుమ్మంలో ఒక బూటు విప్పి, రెండోది చేత్తో పట్టుకుని అలాగే నిలబడిపోయాడు.

"ఇంత గోలా!" అన్నాడు. "ఇన్నాళ్ళూ మోగుతానే ఉన్నాయా?"

సాయిలక్ష్మి గోడ మీద కొట్టింది. సుభద్ర పొయ్యి దగ్గర్నుంచి ఇటు తిరగలేదు. తిరిగితే ఏడుస్తున్నట్టు తెలిసిపోతుంది.

"కాఫీ" అంది గోడవైపే చూస్తూ, మెల్లిగా.

"కాఫీ" అన్నాడు మోహనకృష్ణ.